మూడెండల దూది

గోదావరికి ఎన్నడూ లేనంత వరద వచ్చి, విశాఖపట్నం పోయే రైళ్లు ఆగిపోయిన ఏడు అది. ఆ వరద చుక్క కూడా మాచర్లను తడపలేదు. గోదావరి ఎక్కడ, మాచర్ల ఎక్కడ? అయినా పరుపులు కుట్టే మౌలాలీ ఆ ఏడాదిని ఆ వరదతోనే లెక్క పెట్టుకుంటాడు. వరద రాకపోతే అతని బామ్మర్ది అనుకున్న రోజుకే రైలెక్కి పోయేవాడు. మౌలాలీ చేసిన పని కూడా అతనితో పాటే రైలెక్కి పోయేది.

బామ్మర్ది పేరు నాగూర్ వలి. మౌలాలీ భార్య హజ్రా బీకి సొంత తమ్ముడు. తల్లీ తండ్రీ పోయాక అక్క ఇంట్లోనే పెరిగాడు. దూది ఏకడం, గుడ్డ కత్తిరించడం, అంచు కుట్టడం అన్నీ మౌలాలీ దగ్గరే నేర్చాడు. కుట్టు వంకర పోతే మౌలాలీ నోటితో చెప్పేవాడు కాదు. గజం కర్రతో వీపు మీద ఒక్కటిచ్చేవాడు.

పదకొండేళ్ల కింద ఆ నాగూర్ వలి ఏకే విల్లు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, విశాఖపట్నం పోదాం రా. రోజుకో కొత్త కాపురం దిగుతోందంట అక్కడ. ప్రతి కాపురానికీ పరుపు కావాలా వద్దా?"

"రెండు నెల్లు తిరక్కుండా వస్తావు పో," అన్నాడు మౌలాలీ.

రెండు నెలలు పోయాయి, రెండేళ్లు పోయాయి. బామ్మర్ది రాలేదు. వస్తాడని మౌలాలీ చూసిన మాట నిజం. ప్రేమతో కాదు. విల్లు భుజాన వేసుకుని, తల వంచుకుని వస్తే "వచ్చావా?" అని ఒక్క మాట అనాలని. ఆ మాట నాలుక చివర పెట్టుకుని పదకొండేళ్లు కూర్చున్నాడు. ఈలోగా అక్కడి నుంచి కార్డు ముక్కలు వచ్చేవి. కొట్టు తీసుకున్నాను అని ఒకటి. మెహరున్నీసాను చేసుకున్నాను అని ఒకటి. ఏకే మిషను కొన్నాను అని ఒకటి. ప్రతి కార్డునూ హజ్రా బీ ఇరుగుపొరుగు చేత చదివించుకుని దూలంలో దోపేది. దూలం వైపు చూడకుండా అన్నం తినడం మౌలాలీకి అలవాటయింది.

ఆ ఏడు బక్రీదుకి వారం ఉందనగా, నడికుడి మీదుగా వచ్చే చిన్న రైలు దిగి నాగూర్ వలి వచ్చాడు. టెర్లిన్ చొక్కా, చేతికి గడియారం, చంకలో ట్రాన్సిస్టరు. మనిషి రంగు తేలాడు. బుగ్గలు కూడా వచ్చాయి. అక్కకి నైలాన్ చీర తెచ్చాడు. బావకి డజను పరుపు సూదులు తెచ్చాడు.

"తుప్పు పట్టని సూదులు బావా. ఓడల వాళ్ల కాడ కొన్నా."

మౌలాలీ వాటిని వెలుతురుకి ఎత్తి చూశాడు. మంచి సూదులు. అందుకే చూరులో దోపి మళ్లీ ముట్టుకోలేదు.

సాయంత్రం వాకిట్లో మంచం వేశారు. వాకిలంతా నాపరాళ్లు పరిచి ఉంటుంది. పగలంతా కాగిన రాళ్లు చీకటి పడేదాకా వెచ్చగా ఉంటాయి. పక్కింటి పాపమ్మ వచ్చి గోడకి ఆనుకుంది. రాళ్ల కోత మిల్లులో పనిచేసే ఆమె మొగుడు ఇన్నయ్య కూడా తెల్లటి దుమ్ము కడుక్కోకుండానే వచ్చి కూర్చున్నాడు.

"నీళ్లు ఎట్టా నాగూరూ?" అంది పాపమ్మ. బోరింగు కాడ నాలుగు బిందెలకి రెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి.

"పొద్దున గంటసేపు కొళాయి వస్తదక్కా. గుమ్మం ముందే."

"గుమ్మం ముందే!" అంది హజ్రా బీ. పెళ్లినాడు మొగుడి పేరు చెప్పమన్నప్పుడు కూడా ఆమె అంత ముద్దుగా పలకలేదు. మౌలాలీ ఇది గమనించాడు.

"బస్సులు?" అన్నాడు ఇన్నయ్య.

"చెయ్యెత్తితే చాలు. ఒకటి పోతే వెనకే ఇంకోటి. కరెంటు పోదు. సినిమా హాళ్లు నేనే అన్నీ చూడలా ఇంకా. అటు హార్బరు, ఇటు ఉక్కు ఫ్యాక్టరీ కడతన్నారు. ఒరియా వాళ్లు, బెంగాలీలు, యాడాడి నుంచో వస్తన్నారు. వచ్చినోడు నేల మీద పడుకుంటాడా?"

మౌలాలీ బీడీ ముట్టించాడు. అతను రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పూట మాత్రం నోరు తెరిచాడు. పట్నంలో ఏదో ఒక లొసుగు ఉండి తీరాలి. దాన్ని బయటికి లాగాలి.

"అద్దె కొంపేగా?" అన్నాడు.

"అద్దే బావా. పదడుగుల గది. ఒక కిటికీ."

"పదడుగులు," అన్నాడు మౌలాలీ, అందరికీ వినపడేట్టు.

"ఊడ్చే పని తక్కువ," అంది హజ్రా బీ.

"చెమటంట?" అన్నాడు మౌలాలీ.

"అబ్బో, ఆ మాట అడగబాక. స్నానం చేసి తుడుచుకునే లోపు మళ్లీ తడుస్తాం. ఒళ్లు ఆరదు."

మౌలాలీకి ప్రాణం లేచి వచ్చింది. హజ్రా బీ తమ్ముడి వైపు వంగింది. "మరి సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చుంటే?"

"కూర్చుంటే సల్లగా ఉంటదక్కా. ఏ ఫ్యానూ పనికిరాదు. డబ్బులు కూడా అడగరు."

"తుఫాన్లు వస్తయ్యంట," అన్నాడు మౌలాలీ.

"వస్తయ్. రేకులు లేచిపోతయ్. ముందే రేడియోలో చెబుతారు."

"ఇక్కడ మనకి వడదెబ్బ చెప్పే వస్తందా?" అంది పాపమ్మ.

"పక్కోడు పలకడంట?" మౌలాలీ వదల్లేదు.

"నిజమే బావా. ఆరేళ్లయింది, పక్క పోర్షను ఆయన పేరు నాకు తెలవదు. మనిషి పోతే మోసేదానికి నలుగురు దొరకరు. మొన్న ఒకాయన పోతే నేనూ, పాలవాడూ పట్టినాం."

"ఎవురూ పలకరా?" హజ్రా బీ నిట్టూర్చింది. "ఎంత హాయే తల్లీ!"

"ఏం వదినా, నా మీదేనా?" అంది పాపమ్మ. అందరూ గొల్లుమన్నారు. మౌలాలీ నవ్వలేదు. తను ఏరి తెచ్చిన ప్రతి కష్టాన్నీ ఆడవాళ్లు కడిగి, తుడిచి, సుఖంగా మార్చి చేతిలో పెడుతున్నారు.

చివరికి నాగూర్ వలే ఒక మాట అన్నాడు. "అన్నీ బాగానే ఉంటయ్ గానీ, మన పనికి ఆ గాలి శత్రువు బావా. ఉప్పు గాలి. దూది ఊరికే చెమ్మ పీల్చుద్ది. సరిగ్గా ఎండని దూదయితే ఒక్క వానాకాలానికే గడ్డలు గడ్డలు అయిద్ది. పడుకుంటే కంకర మీద పడుకున్నట్టే."

ఈ మాటకి ఆడవాళ్ల దగ్గర జవాబు లేదు. మౌలాలీ దాన్ని జేబులో వేసుకున్నట్టు జాగ్రత్తగా లోపల పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున బామ్మర్ది అసలు సంగతి చెప్పాడు. సముద్రం ఒడ్డున కొత్తగా ఒక లాడ్జి కడుతున్నారు. నలభై పరుపులు కావాలి. లాడ్జి ఆసామి ముగ్గురి దగ్గర పరుపులు చేయించి చూశాడు. మూడూ గడ్డలు కట్టాయి. విసుగొచ్చి, "గడ్డ కట్టని పరుపు ఒక్కటి చూపించు, నలభయ్యీ నీకే" అన్నాడు.

"మా బావ కుడితే పదేళ్లయినా గడ్డ కట్టదు అని చెప్పా. ఒక్క పరుపు నీ చేత్తో కుట్టి ఇయ్యి బావా. అది కుదిరితే నువ్వూ అక్కా వచ్చెయ్యండి. కూలికి కాదు. సగం నీది, సగం నాది. మా పక్కనే గది చూసి పెట్టా."

వేరే మనిషయితే సంతోషించాలి. మౌలాలీకి అందులో 'గది చూసి పెట్టా' అన్న మాటే వినపడింది. వీపు మీద గజం కర్ర దెబ్బలు తిన్నవాడు ఇవాళ తనకి గది చూసి పెట్టాడు. పని తనది, కొట్టు వాడిది. రేపు ఆ కొట్టులోకి వచ్చినవాళ్లు "ఈ ముసలాయన ఎవరు?" అంటే, "మా బావ, పల్లెటూరి నుంచి తెచ్చుకున్నా" అంటాడు.

"కుడతా," అన్నాడు.

హజ్రా బీ మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా చెప్పి వచ్చింది. కూతుళ్లిద్దరివీ పెళ్లిళ్లయిపోయాయి. ఇక్కడ పట్టి ఉంచేదేముంది? బోరింగు కాడ బిందె వరసలో పెడుతూ, "ఇంకెన్నాళ్లులే నాకీ పని" అన్నదట. పాపమ్మ వచ్చి చెప్పింది.

నాగూర్ వలి జిన్నింగు మిల్లు నుంచి తెల్లటి దూది దగ్గరుండి ఎంచి తెచ్చాడు. భార్య మెహరున్నీసా వాళ్లన్న విజయపురి సౌత్‌లో కాలవల ఆఫీసులో పనిచేస్తున్నాడు. అతన్ని చూడాలని మర్నాడు బస్సెక్కి అక్కడికి పోయాడు. "నాలుగో రోజుకి వస్తా బావా. ఈలోగా ఎండలు పడతయ్," అన్నాడు.

ఎండలంటే మూడు. మౌలాలీ తండ్రి నాటి నుంచి ఆ ఇంట్లో అదే లెక్క. ఏకే ముందు దూదికి మూడు రోజుల నిండు ఎండ పడాలి. మబ్బు పట్టిన రోజు లెక్కలోకి రాదు. నాపరాళ్ల మీద పల్చగా పరిచి, గాలికి లేచిపోకుండా పైన పాత చీర కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, గంట గంటకీ కర్రతో తిరగెయ్యాలి. మొదటి ఎండకి పై తడి పోతుంది. రెండో ఎండకి లోపలి తడి పోతుంది. మూడో ఎండకి దూది గుప్పిట్లో పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. అట్లాంటి దూదిని ఎక్కడికి పంపినా పరవాలేదు. మాచర్ల లాంటి పొడి ఊళ్లో ఒక్క ఎండ పడినా పరుపు బాగానే ఉంటుంది, ఎవరూ కనిపెట్టలేరు. సముద్రం ఒడ్డున మాత్రం అది నెల తిరక్కుండా బయటపడుతుంది.

మొదటి ఎండ బాగా పడింది. సాయంత్రం దూది మూట కట్టి లోపల పెట్టాడు.

రెండో రోజు పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మౌలాలీ మూట దగ్గరికి పోయి ముడి మీద చెయ్యి వేశాడు. కాసేపు అట్లాగే ఉండి, చెయ్యి తీసి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఎండ మండిపోతంటే మూట లోపలుందేంది?" అంది హజ్రా బీ.

"మబ్బు పట్టుద్ది."

ఆమె తలెత్తి చూసింది. "యాడ మబ్బు?"

"వస్తది."

మబ్బు రాలేదు. మౌలాలీ అరుగు దిగలేదు. ఆ పూట అతని చేతులకి పని లేదు. పొలం అమ్ముకున్నవాడు గట్టు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. తప్పు చేస్తున్నానని తెలుసు. లాడ్జి ఆసామి పరుపు నొక్కి చూసి, "ఏందయ్యా ఈ గడ్డలు?" అని నాగూర్ వలి మొహాన అంటాడనీ తెలుసు. ఆ మొహం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటే బీడీ రుచిగా ఉంది.

మూడో రోజూ మూట విప్పలేదు. నాలుగో రోజు విప్పి ఏకడానికి కూర్చున్నాడు. విల్లు వేలాడదీసి, నారి దూదిలో ముంచి, కొయ్యతో కొట్టాడు. మూడెండల దూదిలో నారి టింగుమంటుంది. ఆ రోజు అది గొంతు బొంగురుపోయిన మనిషిలా డుబ్బు డుబ్బుమంది. హజ్రా బీ దూది ఏకే ఇంట్లో పుట్టింది. పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది.

"నారి మోగట్లేదేంది?"

"పాతదయింది."

ఆమె మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. తను బోరింగు కాడ నిలబడిన పూటల్లో ఎండ పడే ఉంటుందనుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో రెండెండల దూది ఆ గడప దాటగా ఆమె చూడలేదు. అనుమానం రావాలన్నా ఎక్కడి నుంచి వస్తుంది? ఆ నమ్మకం మౌలాలీకి కొంచెం గుచ్చుకుంది. కొంచెమే.

మధ్యాహ్నానికి నాగూర్ వలి విజయపురి నుంచి వచ్చాడు. వస్తూనే చొక్కా విప్పి కూర్చుని, చారల గుడ్డ సంచీ నోరు తెరిచి పట్టుకున్నాడు. మౌలాలీ దూది కూరాడు.

"మూడెండలూ పడ్డయ్యా బావా?"

"పడ్డయ్."

పడలేదు అని చెప్పడానికీ అంతే సేపు పడుతుంది. మౌలాలీ ఈ మాటే చెప్పాడు. తర్వాత అంచు కుట్టాడు. అందులో మాత్రం మోసం లేదు. సూది లోపలి నుంచి ఏటవాలుగా వచ్చి, దారం తన మీదే తను ముడి పడి, అంచు తాడు పేనినట్టు లేచి నిలబడింది. చేతికి ఆ పని తప్ప ఇంకోటి రాదు. నాగూర్ వలి అంచు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి లాగి, "నీ చెయ్యి చెయ్యే బావా," అన్నాడు.

బక్రీదు వచ్చింది, పోయింది. ఆ రెండు రోజుల్లోనే ట్రాన్సిస్టరులో గోదావరి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఊళ్లు మునిగాయన్నారు. నాగూర్ వలి పరుపు చుట్టి, తాడు కట్టి, రిక్షా మీద స్టేషనుకి తీసుకుపోయి, అదే రిక్షాలో తిరిగొచ్చాడు.

"గుంటూరు దాకా అయితే టికెట్టు ఇస్తారంట. ఆ పైన బళ్లు లేవు. ఎప్పుడని అడిగితే గోదారిని అడుగు అన్నాడు టికెట్లాయన."

పరుపు మళ్లీ ముందు గదిలోకి వచ్చింది. గోడకి ఆనించారు. మౌలాలీ ఎటు పోయినా అది ఎదురుగా ఉంది. అన్నం తింటుంటే చుట్టంలా చూసింది. అది వెళ్లిపోయి ఉంటే మర్చిపోయేవాడేమో.

ఆ నాలుగైదు రోజులూ నాగూర్ వలి వాకిట్లో మంచం మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. పగలు కూడా. "ఒళ్లారి పడుకుని పదకొండేళ్లయింది బావా," అన్నాడు ఒకసారి. జొన్న రొట్టె, గోంగూర చేయించుకుని తిన్నాడు. హజ్రా బీ పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. తనకి ఆమె ఎప్పుడు విసిరిందో మౌలాలీకి గుర్తులేదు.

అయిదో రోజు సాయంత్రం బావా బామ్మర్దులిద్దరే వాకిట్లో ఉన్నారు. హజ్రా బీ పాపమ్మతో నీళ్లకి పోయింది. నాగూర్ వలి ట్రాన్సిస్టరు చెవి మెలేసి తగ్గించాడు.

"అక్క ముందర చెప్పలా గానీ బావా, మిషను ఆపేసి రెండు నెల్లయింది."

"ఏం?"

"మిషన్లో తిరిగేదాకే బాగుంటది దూది. ఆరబెట్టేదానికి జాగా యాడుంది అక్కడ? మేడ మీద పరిస్తే ఇంటి ఆమె తిట్టుద్ది. రోడ్డు మీద పరిస్తే లారీ. ఎండ కూడా మన ఎండ కాదు, ఉక్కపోత. కుట్టిన పరుపులు తిరిగొస్తన్నయ్. పెళ్లి పరుపు కూడా తిరిగొచ్చింది. ఆ పెళ్లికొడుకు కొట్టు ముందర అరిచాడు చూడు బావా, వీధంతా నవ్వింది. ఈ లాడ్జి పరుపు నిలబడితే నేను నిలబడతా. లేదా, కొట్టు మూసి, విల్లు భుజాన ఏసుకుని నీ గడపలోకే."

మౌలాలీ ఇంకో బీడీ ముట్టించాడు. లోపల ఎక్కడో బెల్లం ముక్క కరిగినట్టయింది. జాలి రావాల్సిన చోట ఆ తీపి వచ్చింది. పదకొండేళ్లుగా నాలుక చివర ఉన్న మాట మళ్లీ కదిలింది. ఇంకెంత, నెల రోజులు. "వచ్చావా?" అంటాడు. తను కుట్టిన పరుపే వాణ్ణి ఇక్కడికి మోసుకొస్తుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. నాగూర్ వలి ఊరికే మాటల్లో ఇంకోటి చెప్పాడు.

"పనోళ్లు కూడా అట్టాగే తగలడ్డారు. ఒకణ్ణి పెట్టుకున్నా, అనకాపల్లి వాడు. మౌలాలీ కుట్టు వెయ్యరా అంటే పై పైన లాగి వదిలేశాడు."

"ఏం కుట్టు?"

"మౌలాలీ కుట్టు."

"అదేంది?"

"ఏంది అంటావేంది బావా? నువ్వు నేర్పిన అంచు కుట్టే. మొదట్లో మా బావ మౌలాలీ కుట్టు అని చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ బావ ఎగిరిపోయాడు, మౌలాలీ మిగిలాడు. ఇప్పుడు కొట్టుకి వచ్చినోళ్లు కూడా అంచు మౌలాలీ కుట్టు వెయ్యండి అంటారు. పక్క కొట్టోళ్లు కూడా అదే పేరు వాడతన్నారు."

"వాళ్లకి నేనెట్టా తెలుసు?"

నాగూర్ వలి నవ్వాడు. "నువ్వు తెలవదు. మౌలాలీ అంటే మనిషని ఎవురికీ తెలవదు అక్కడ. కుట్టు పేరే అదనుకుంటారు. ఇప్పటి దాకా ఎవురూ అడగలా, ఎవురా మౌలాలీ అని."

ఆడవాళ్లు బిందెలతో వచ్చారు. మాట అక్కడితో తెగిపోయింది. ఏడు గంటల వార్తల్లో రేపటి నుంచి విశాఖపట్నం వైపు కొన్ని బళ్లు నడుస్తాయని చెప్పారు. నాగూర్ వలి ఎగిరి లేచాడు. పొద్దున రైలుకే బయల్దేరతానన్నాడు. హజ్రా బీ పచ్చళ్లు కట్టే పనిలో పడింది. ఇన్నయ్య వచ్చి, "మౌలాలన్నా, నువ్వూ పోతావంటగా. మాకు మంచి పరుపు కుట్టేదెవురు ఇంక?" అన్నాడు.

మౌలాలీ అన్నీ విన్నాడు. ఇన్నాళ్లూ బామ్మర్ది మీద ఏడ్చాడు. ఇప్పుడు తన పేరు మీద తనకే కుళ్లు పుట్టింది. తను గుంటూరు దాటి ఎరగడు. పేరు మాత్రం పదకొండేళ్ల కిందే విశాఖపట్నం పోయింది. టౌను బస్సులెక్కింది. సాయంత్రం సముద్రం ఒడ్డున గాలికి కూర్చుంది. ఓడల వాళ్ల పరుపుల మీదా, పెళ్లిళ్ల పరుపుల మీదా పడుకుంది. ఎవరి గుమ్మంలో పడితే వాళ్ల గుమ్మంలో మర్యాద చేయించుకుంది. తను ఇక్కడ బీడీ కాలుస్తూ దూలం వైపు చూడకుండా అన్నం తిన్నాడు. తనకి దక్కనిదంతా దానికి దక్కింది. కనీసం ఎవరు నువ్వు అని కూడా దాన్ని ఎవరూ అడగలేదు.

సరే. దక్కింది కదా. ఇప్పుడు లాడ్జి ఆసామి ఆ పరుపు మీద కూర్చుంటాడు. గడ్డ గుచ్చుకుంటుంది. అంచు వైపు చూసి, "ఇదేనా మీ మౌలాలీ కుట్టు?" అంటాడు. నాగూర్ వలి కొట్టు మూసుకోవడం మౌలాలీ ఓర్చుకోగలడు. అందులో తీపి ఇంకా ఉంది. ఆ మాట ఓర్చుకోలేడు. నాగూర్ వలి ఈ ఊరు తిరిగొస్తే వస్తాడు. ఆ పేరు వెళ్లిన చోటే మురిగిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి రైలు లేదు.

మర్నాడు వెలుగు రాకముందే లేచాడు. నమాజు చేసుకున్నాడు. ముందు గదిలో పరుపు తాడు విప్పి, వాకిట్లోకి ఈడ్చి, నాపరాళ్ల మీద పరిచాడు. అంచు పక్కన కూర్చుని బ్లేడుతో కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. అది సులువుగా రాలేదు. ప్రతి ముడీ పంతం పట్టింది. గుడ్డ తెగకుండా ఒక్కొక్కటే కోసి లాగాల్సి వచ్చింది. ఒక పక్క విప్పేసరికి ఎండ గోడ దాటి వాకిట్లో పడింది.

నాగూర్ వలి చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"బావా! ఏం చేస్తన్నావ్? బండి టైమయింది!"

"ఇవాళ పోబాక."

"ఏం?"

"దూదికి ఒకటే ఎండ పడింది."

నాగూర్ వలి దగ్గరికి వచ్చి, చీల్చిన అంచులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. లోపలి దూది గుప్పిట పట్టి, వదిలి, మళ్లీ పట్టాడు. పట్టినంతా ముద్దగా గుప్పిట్లోనే ఉంది. చెయ్యి బయటికి తీయకుండానే అడిగాడు.

"నేనడిగా కదా బావా. మూడూ పడ్డయ్యన్నావ్."

"అన్నా."

"మబ్బు పట్టిందా?"

"లేదు."

"మరెందుకు?"

మౌలాలీ బ్లేడు రాయి మీద పెట్టాడు. "నువ్వు బాగున్నావని."

నాగూర్ వలి చెయ్యి బయటికి తీశాడు. "ఎంత బాగున్నానో నిన్న చెప్పా కదా."

"కుట్టినప్పుడు తెలవదు."

"తెలిస్తే కుట్టేవాడివి కాదా?"

మౌలాలీ ఆలోచించాడు. అబద్ధం ఒకటి తయారుగా ఉంది. "కుట్టేవాణ్ణే," అన్నాడు.

హజ్రా బీ రెండు గ్లాసుల టీతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఇద్దరూ చూడలేదు. ఆమె వచ్చి ఒక గ్లాసు తమ్ముడి చేతికిచ్చింది. రెండోది పట్టుకుని మొగుడి వైపు చూసి, గోడ దగ్గరికి పోయి, నిలబడి తనే తాగింది. తాగాక అంది.

"బోరింగు కాడ అందరికీ చెప్పుకున్నా గదయ్యా, పోతన్నామని. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని బిందె పట్టుకుపోను?"

మౌలాలీ బ్లేడు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంకా రెండెండలు కదా," అన్నాడు నాగూర్ వలి చివరికి. గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. "ఉంటా. దగ్గరుండి చూసుకుని పరుపు తీసుకుపోతా. నువ్వు అక్కడికి రావడం సంగతి మాత్రం... ఇప్పుడు నన్ను అడగబాక బావా."

"అడగను," అన్నాడు మౌలాలీ.

నాగూర్ వలి లోపలికి పోయాడు. హజ్రా బీ అతని వెనకే పోయింది. మౌలాలీ మిగతా మూడు పక్కలా కుట్టు విప్పాడు. దూదంతా రాళ్ల మీద దులిపి పల్చగా పరిచాడు. పాత చీర కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. పాపమ్మ గోడ మీద నుంచి తొంగిచూసి, "ఏందన్నా, కుట్టిందే మళ్లీ కుడతన్నావా?" అంది. మౌలాలీ కర్ర తీసుకుని, చీర ఒక చివర ఎత్తి, అడుగు దూది పైకి వచ్చేట్టు తిరగేశాడు. గంట ఆగి మళ్లీ తిరగేశాడు.